తోలోలింగ్ మీద సార్జెంట్ ప్రసాద్

పడినవాణ్ణి రేనాడు మరవదు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో, తిరుగుబాటు చేసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీసి, ఆయన తలను కుంఫిణీవాళ్లు ఏళ్ల తరబడి కోటకు వేలాడదీశారు. జనం దడుస్తారనుకున్నారు. జనం పాట కట్టారు. నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో ఆ కథ తెలియని పిల్లవాడు ఉండడు. దొర పడితే పాట పుట్టింది. కొలువుకు పోయి పడినవాడికో?

పి.వి.ఎన్.ఆర్. ప్రసాద్ వైమానిక దళంలో సార్జెంట్. ఎంఐ-17 హెలికాప్టర్‌లో ఫ్లైట్ గన్నర్. మన బడుల హాజరు పట్టీల్లో కనిపించేలాంటి పేరు, ముందు నాలుగు పొడి అక్షరాలతో.

1999 మే నెల, కార్గిల్ యుద్ధం. పాకిస్తాన్ వైపు నుంచి వచ్చిన చొరబాటుదారులు తోలోలింగ్ కొండ ఎక్కి కూర్చున్నారు. కింద శ్రీనగర్-లేహ్ రహదారి మీద లారీ కదిలితే గుండ్లు పడేవి. దాదాపు 15 వేల అడుగుల ఎత్తు. గాలి పలచబడి హెలికాప్టర్ రెక్కలకు పట్టు దొరకని చోటు. అయినా రాకెట్లు కట్టుకుని పోక తప్పలేదు. 27న మిగ్-21తో వెళ్లిన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ అహూజా తిరిగి రాలేదు. భుజం మీంచి పేల్చే క్షిపణులు పైన పొంచి ఉన్నాయి. ఇంజన్ వేడిని పసిగట్టి తరుముకొచ్చే ఆ క్షిపణిని ఏమార్చాలంటే మండే ఫ్లేర్లు వదలాలి.

మరునాడు, మే 28న, దాడికి లేచిన ఎంఐ-17లలో ఒకదానికి ఆ ఫ్లేర్ల ఏర్పాటు లేదు. స్టింగర్ క్షిపణి దాన్నే కొట్టింది. స్క్వాడ్రన్ లీడర్ రాజీవ్ పుండిర్, ఫ్లైట్ లెఫ్టినెంట్ ఎస్. ముహిలన్, సార్జెంట్ రాజ్‌కిశోర్ సాహు, సార్జెంట్ ప్రసాద్. ఒక్కరూ మిగల్లేదు. ఆ తర్వాత ఎంఐ-17లను దాడులకు పంపడం మానేశారు. మరణానంతరం నలుగురికీ వాయుసేన పతకం ఇచ్చారు. జూన్ 13న రాజ్‌పుతానా రైఫిల్స్ జవాన్లు తోలోలింగ్‌ను గెలిచారు.

ఇంటర్ చదివి వైమానిక దళంలో చేరాలనుకునే మన పిల్లలకు పైలట్ల కథలు చాలానే వినిపిస్తాం. ఆ పిల్లల్లో కొందరు రేపు అందుకోగల హోదా ప్రసాద్‌ది. అతని కథ కూడా బడిలో చెప్పాలి. చెప్పేటప్పుడు ధైర్యం దగ్గర ఆగిపోకూడదు. ఆ నలుగురిలో ధైర్యానికి కొరత లేదు. కొరతంతా వాళ్ల హెలికాప్టర్‌కు అమర్చని ఫ్లేర్లలోనే ఉంది. ఆ మాట దాచి చేసే జోహారు సగం జోహారే.