రాజ్యనిర్మాణక్రీడకు దగిన చారిత్రకయుగము

చరిత్రమును గ్రంథములలో జదువుటయే కాక యాటగా నాడుటయు నీ కాలమున బ్రబలియున్నది. ఐదాఱుగురు గాని పదిమంది గాని యొకచో గూడి, యొక్కొక్కరు నొక్కొక్క నాయకుని పాత్రమును ధరించి, రాజ్యములను నిర్మించుకొనుచు, సంధివిగ్రహములు నెఱపుచు మాసములకొలది యాడెడు క్రీడ యిది. నాటకమునకువలెనే దీనికిని సూత్రధారు డొకడుండును. అతడు దేశపటమును, వానలను, కరవును, పొరుగురాజుల మనస్సును దన వశమున నుంచుకొని, యాటగాండ్రు చేసిన పనులకు ఫలమును నిర్ణయించును. పాశ్చాత్యదేశములలో నిట్టి పాత్రధారణక్రీడలు 1974 తరువాత వ్యాపించినవి. అంతకుముందే, 1959లో వెలువడిన ‘డిప్లొమసీ’ యను పటక్రీడ పాచికలతో బని లేక కేవలము మంతనములతో నడచునది. మనకును నీ మార్గము బొత్తిగా గ్రొత్త గాదు. నలుగు రాడెడు చతురంగమును, అందు పాచికలు వేయు విధమును అల్ బిరూనీ వర్ణించియున్నాడు.

ఇట్టి క్రీడకు దెనుగుదేశచరిత్రమున నే కాలమును గైకొనవలయునని యడుగువారు నేడు గలరు. ఇది పిల్లల ముచ్చట యని పండితులు త్రోసివేయదగదు. ఒక యుగమును సంవత్సరకాల మాడినవాడు దానిని బాఠ్యగ్రంథమున జదివినవానికంటె గాఢముగా గుర్తుంచుకొనును. తప్పుగా నాడినచో దప్పునే గుర్తుంచుకొనును. మనము యుగమును జూపనిచో చలనచిత్రములు చూపును.

సామాన్యముగా నందఱకును మొదట తోచునది శ్రీకృష్ణదేవరాయల కాలము (1509–1529). కీర్తి గలది, ఆధారములు మెండు. కాని యందు సింహాసన మొక్కటి. దాని నధిష్ఠించినవాడే యాటగాడు, తక్కినవా రందఱు నతని యాజ్ఞకు జేతులు మోడ్చువారు. కాకతి గణపతిదేవుని కాలమునకును (1199–1262) నిదే దోషము. పలనాటి యుద్ధమందు రసమున్నది గాని, శ్రీనాథుని పేర వెలసిన వీరగాథ బ్రహ్మనాయనికిని నాయకురాలికిని స్వభావముల నిదివఱకే పంచిపెట్టినది. ఆటగాడు క్రొత్తగా జేయుట కేమియు మిగులలేదు. బొబ్బిలియుద్ధపు కాలమును (1757) గోరువారు గలరు. అప్పటి జమీందారుల భవితవ్యము బుస్సీ శిబిరమునను, సముద్రమున కావలనున్న వర్తకసంఘముల గదులలోను నిర్ణయమగుచుండెను. తన పొలమును దాను దున్నుకొనలేనివాడు రాజ్యము నెట్లు నిర్మించును?

నా యభిప్రాయమున రాజ్యనిర్మాణక్రీడకు గావలసిన లక్షణములు ముఖ్యముగా మూడు. పెద్దరాజ్య మొకటి కూలియుండవలెను. దాని పాలనానుభవము గలవారు పలువురు మిగిలియుండవలెను. ఎవరు గెలుతురో నాటివారికి దెలియకుండవలెను. ఈ మూడు నొక్కచోట గూడిన కాలము కాకతీయరాజ్యము పడిన పిమ్మటి ముసునూరి యుగము. 1945లో మల్లంపల్లి సోమశేఖరశర్మగా రాంగ్లమున వ్రాసిన గ్రంథమున దీనిని ఆంధ్రచరిత్రమున మఱవబడిన యధ్యాయమని పేర్కొనిరి. పండితులలో నది యిప్పుడు మఱుపున లేదు. జనులలో నేటికిని దాదాపుగా నట్లే యున్నది.

1323లో ఉలుగ్‌ఖాను ఓరుగంటిని గైకొని, ప్రతాపరుద్రుని ఢిల్లీకి బంపెను. నగరమునకు సుల్తానుపురమని పేరు మాఱినది. రాజు దారిలోనే మరణించెను. ప్రోలయనాయకుని విలసతామ్రశాసన మతడు సోమోద్భవాతీరమున, అనగా నర్మదయొడ్డున గతించెనని చెప్పును. అనితల్లి కలువచేరు శాసనము (1423) తన యిచ్ఛచేతనే లోకాంతరమేగెనని చెప్పును. గోదావరీతీరమున రేకపల్లిని నెలవుగా జేసికొని ప్రోలయనాయకుడు తీరాంధ్రమున స్వాతంత్ర్యమును నిలిపెను. అతని వెనుక జ్ఞాతియగు కాపయనాయకుడు 1336 ప్రాంతమున ఓరుగంటిని మరల సాధించి ఆంధ్రసురత్రాణు డనిపించుకొనెను. అతనిని డెబ్బదియైదుగురు నాయకులు గొలిచిరనియు, అతడు గతించిన పిదప వారు తమతమ నెలవులకేగి వాని నేలుకొనిరనియు గలువచేరు శాసనము. ఈ డెబ్బదియైదు సరిగా లెక్కించి చెప్పిన సంఖ్యయో, సంప్రదాయసంఖ్యయో యను చర్చ యటుండనిండు. ఆటకు గావలసిన బీజమంతయు నా వాక్యమందున్నది: ఒకని క్రింద గూడినవారు మరల విడిపోయిరి. ఎందుకు?

ఆట నే సంవత్సరమున నారంభింపవలెనన్నది యుగనిర్ణయముకంటె గష్టమైన ప్రశ్నము. 1323లో నారంభించినచో నందఱకును శత్రు వొక్కడే. అది యుద్ధకథ యగును గాని రాజ్యనిర్మాణము గాదు. కాపయ మరణానంతర మారంభించినచో విడిపోవుట ముగిసియే యుండును. 1336 ప్రాంతమే సరియైన తావు. నాటి దేశపటమును జూచినచో మన మెఱిగిన రాజధానులలో బెక్కులు గానరావు. రెడ్లకు రాజధాని యింకను అద్దంకియే. కొండవీడు రాజధాని యగుట ప్రోలయవేమారెడ్డి పిమ్మట, అనవోతారెడ్డి కాలమున. రేచర్లవారి రాచకొండదుర్గ మింకను వెలయలేదు. విజయనగర మప్పుడే పుట్టుచున్నది. బహమనీరాజ్యము పుట్టుటకు 1347 వఱకు నాగవలెను. కోరుకొండ, పిఠాపురము మొదలగు తావులలో జిన్ననాయకులు గలరు. ప్రసిద్ధదుర్గములు లేని పటముపై నాడువాడు కొండలను, ఏఱులను, బాటలను జూచి తన నెలవును దానే యెన్నుకొనవలెను. ఇంతకంటె మంచి యారంభము మన చరిత్రమున నాకు గానరాదు.

ఇట్టి యాటలు గూర్చువారు కోటలను, సేనలను లెక్కించుటలో జూపు శ్రద్ధ చెఱువులను లెక్కించుటలో జూపరు. తెలుగుదేశమున రాజ్యము చెఱువుకట్టమీద నిలిచినది. ఓరుగంటి ప్రాంతమున పాకాల, రామప్ప, లక్నవరపు చెఱువులు గాకతీయులు పోయినను మిగిలినవి. చెఱువు కట్టుటకు గావలసిన లెక్క మనకు శాసనమందే దొరకుచున్నది. మొదటి బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు, నామాంతరమున భవదూరుడు, నేటి కడపజిల్లాలోని పోరుమామిళ్లయందు గట్టించిన తటాకమునకు 1369లో వేయించిన శాసన మది. దినమునకు వేయిమంది కూలీలు, కట్టకు ఱాళ్లు తోలుటకు నూఱుబండ్లు, పని జరిగిన కాలము రెండు సంవత్సరములు. సూత్రధారున కింతకంటె గావలసినదేమి? వేయిమందిని రెండేండ్లు చెఱువుపని కప్పగించిన నాయకునికి యుద్ధమున కా వేయిమంది చాలక పోవుదురు. వాని కట్ట పూర్తి కాకమున్నే పొరుగువాడు దండెత్తి రావచ్చును. పూర్తియైనచో మూడవయేటినుండి వాని గాదెలు నిండును.

ఆ శాసనమే తటాకమునకు బండ్రెండు సాధనములను, ఆఱు దోషములను జెప్పుచున్నది. సాధనములలో ధర్మపరుడగు రాజును, జలశాస్త్రము దెలిసిన బ్రాహ్మణుడును, గట్టినేలయు, తీయని నీటి యేఱును, ఱాతిగనియు, పనివాండ్ర సమూహమును బేర్కొనబడినవి. దోషములలో గట్ట యూరుటయు, చవుడునేలయు, నీరు తక్కువయై భూమి యెక్కువయగుటయు నున్నవి. ఇవి యెల్లరు నూహింపదగినవే. ఇరువురు రాజుల పొలిమేరయందుండుటయు దోషముగా జెప్పబడుట మాత్రము నన్ను మిక్కిలి యాలోచింపజేసినది. నీరు పుట్టుచోటు నొకనిది, పాఱుచోటు వేఱొకనిది యైనచో చెఱువు కట్టరాదు. కట్టవలెనన్న ముందు సంధి చేసికొనవలెను. కాపయ కూటమి యెందుకు నిలువలే దను ప్రశ్నమునకు జాతిద్రోహమను నొక్కమాటతో నుత్తరము చెప్పువా రీ నియమమును మనసున బెట్టుకొని యొకమా ఱాడిచూడవలెను. పొలిమేర చెఱువు లెన్ని కట్టబడినవో యదియే యైక్యమునకు గొలత.

సముద్రవర్తకమునకు మోటుపల్లి చాలును. 1244–45లో గణపతిదేవుడు వేయించిన యభయశాసనము తుపానున జిక్కిన యోడల సరకును రాజు లాగికొనడనియు, సుంకము ముప్పదింట నొకపాలే యనియు నోడవర్తకులకు మాట యిచ్చినది. 1358లో అనవోతారెడ్డి యచటనే మరల శాసనము వేయించి, వచ్చి కాపురముండువారికి నేల నిత్తుమనియు, పోదలచినవారిని నిర్బంధింపమనియు బ్రకటించెను. నడుమ నూఱేండ్లకు బైగా గడచినను వర్తకునికి గావలసినది మాఱలేదు. ఆటలో నీ మాట తప్పిన నాయకునికి గుఱ్ఱములు దొరకకుండ జేయవలెను. గుఱ్ఱముల విషయము నవ్వులాట గాదు. కాపయ కుమారుడగు వినాయకదేవుడు సుల్తానునకై వచ్చుచున్న గుఱ్ఱములను వర్తకులచే దనకు బలవంతముగా నమ్మించుకొనెనని, దానిపై మొదటి మహమ్మద్‌షా దండెత్తి యతనిని జంపెనని ఫిరిష్తా వ్రాసెను. అతడు రెండువందలయేండ్లకు బైబడి వెనుకటివాడు. కథయందు గొంత పెంచియుండవచ్చును. గోలకొండను విడిచిపెట్టి కాపయ సంధి చేసికొనుటతో నా యుద్ధము ముగిసినది.

సంధుల విషయమున నాటికాలమును నేటి పక్షములతో నింపరాదు. ఢిల్లీపై దిరుగబడిన దక్కను అమీరులకు సాయము చేసినవారిలో గాపయయు నున్నాడు. ఆ తిరుగుబాటునుండి పుట్టిన బహమనీలకే యతడు కౌలాసును, తరువాత గోలకొండను గోలుపోయెను. అతడు ధరించిన సురత్రాణబిరుదము సుల్తాను శబ్దమునకు సంస్కృతరూపమే. రేచర్లవారు తరువాత బహమనీలతో జెలిమి చేసిరి. ఓరుగంటిలో ఢిల్లీ ప్రతినిధియై యుండి, కాపయ విజృంభించినపుడు ఢిల్లీకి బాఱిపోయిన మాలిక్ మక్బూలు పుట్టుకచే దెనుగువాడు. అతడే ఫిరోజ్‌షాకు మహామంత్రియై ఖానిజహా ననిపించుకొనెను. మారన మార్కండేయపురాణము నంకితమందిన గన్నసేనాని యితడే యని కొందఱు పండితుల తలపు. ఈ పాత్రమును ధరించువాడు తక్కినవారికంటె దక్షుడై యుండవలెను. వానికి రాజ్యము లేదు, తెలివి మాత్రమే యున్నది.

మన చారిత్రకులు కొందఱు నిష్పక్షపాతముగా వ్రాయని విషయ మొకటి గలదు. ముసునూరివారు, రెడ్లు, రేచర్లవారు నను పేరులకు వెనుక నేటి కులాభిమానములు చేరి, యొకరు దేశోద్ధారకులుగాను, మఱియొకరు ద్రోహులుగాను జిత్రింపబడుచున్నారు. 1368 ప్రాంతమున కాపయ ఓరుగంటి దగ్గఱి భీమవరమున రేచర్ల అనపోతానాయకునితో బోరి మడిసెను. అనపోత పక్షమున వెలుగోటివారి వంశావళి పొగడును. కాపయ పక్షమున నిలిచి చెప్పిన కావ్యము మనకు మిగులలేదు. కావ్యము మిగిలినవాడు వీరుడు, మిగులనివాడు మృతుడు. క్రీడయం దీ దోషము ప్రవేశింపకుండుటకు నాకు దోచిన యుపాయ మిది: పాత్రములను గోరుకొననీయక చీట్లు వేసి పంచవలెను. అనపోత పాత్రము నాఱుమాసములు మోసినవానికి, జల్లిపల్లియొద్ద దండ్రియగు సింగమనాయకుడు హతుడగుటయు, పడమట నెదుగుచున్న సుల్తానును, తూర్పున నెదుగుచున్న రెడ్లును గలిసి యెట్టి నిర్బంధమున బెట్టిరో తెలియును. అపుడు ద్రోహి యను మాట వాని నోట సులభముగా వెలువడదు.

ఈ యుగమున లేనివానిని లోనికి రానీయకుండుట సూత్రధారుని పని. మిరపకాయ, మొక్కజొన్న, వేరుసెనగ, పొగాకు నప్పటికి మన నేలకు రాలేదు. వంటలో గారము మిరియముది. శ్రీనాథుడు రాడు, హరవిలాసము నంకితమందిన అవచి తిప్పయసెట్టియు రాడు, వారు తరువాతి తరమువారు. ప్రోలయవేమారెడ్డి సభకు హరివంశముతో ఎఱ్ఱన మాత్రము రావచ్చును. ఊహింపదగినదియు జాల నున్నది. డెబ్బదియైదుగురిలో బెక్కుమంది పేరులు మన కందలేదు. ఆటగాండ్రు వారికి బేరులు పెట్టుకొనవచ్చును. ప్రతాపరుద్రుని మరణమును గూర్చిన రెండు శాసనముల మాటలను రెండు పుకార్లుగా నాటలోనికి వదలుట మంచిది. నాటి ప్రజలును బహుశః అట్లే వినియుందురు.

పట మెచటినుండి యెచటి వఱకు నుండవలెనను విషయమున సంకోచము వలదు. ఓరుగల్లు, రాచకొండ నేడు తెలంగాణమునను, అద్దంకి, కొండవీడు, మోటుపల్లి ఆంధ్రప్రదేశమునను నున్నవి. రేకపల్లి 2014లో నొక రాష్ట్రమునుండి రెండవదానికి మాఱినది. విలసశాసనమున దిలింగదేశ మనునది యీ సరిహద్దుల నెఱుగదు, క్రీడాపటమును నెఱుగనక్కఱలేదు.

ఒక చిక్కు మిగిలినది. చరిత్రము చదివిన యాటగాడు 1368లో నేమి జరుగునో ముందే యెఱుగును. కాపయ పాత్రధారి యా యేడు రాకమున్నే అనపోతను మట్టుపెట్ట జూచును. కావున సంవత్సరముల పట్టికను సూత్రధారుడు తన యొద్దనే యుంచుకొని, ఆటయందు బంటలకారులనే లెక్కింపవలెను. మొదటియేటి పటమున భీమవరమను గ్రామమును వ్రాయక విడుచుట మేలు.