వ్రాతకెక్కిన మాట

మాటయే పత్రముగ చెల్లిన కాలమొకటి ఉండెననియు, వ్రాత వచ్చుటతో నమ్మకము పోయెననియు మనలో పలువురు తలంతురు. ధర్మశాస్త్రములను విప్పి చూచినచో ఈ తలంపు నిలువదు. యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారాధ్యాయమున లేఖ్యమునకు ప్రత్యేకముగ ఒక ప్రకరణమే కలదు. ఇరువురు తమ ఇష్టముతో ఏ విషయమును నిశ్చయించుకొందురో, దానిని సాక్షులతో కూడ వ్రాతకెక్కింపవలెనని ఆ ప్రకరణము మొదలగుచున్నది. అనగా పత్రము వ్రాసికొనవలసిన వేళ స్నేహము నిండుగ ఉన్నప్పుడే. తగవు వచ్చిన పిదప వ్రాయుటకు ఏమియు మిగులదు.

ఆ పత్రమున ఏమేమి ఉండవలెనో స్మృతికారుడు వివరముగ చెప్పెను. సంవత్సరము, మాసము, పక్షము, దినము, ఉభయుల పేర్లు, గోత్రములు, తండ్రుల పేర్లు వ్రాయవలెను. విషయము ముగిసిన పిమ్మట, పైన వ్రాసినది తనకు సమ్మతమని ఋణి స్వహస్తముతో తన పేరును, తండ్రి పేరును చేర్చవలెను. సాక్షులును అట్లే స్వయముగ వ్రాయవలెను. చివర లేఖకుడు, ఉభయుల కోరికపై దీనిని వ్రాసితినని తన పేరు పెట్టవలెను. అప్పు కొంచెము కొంచెముగ తీర్చునప్పుడు ఆ మొత్తమును పత్రము వెనుక వ్రాయవలెను. పూర్తిగ తీరినచో పత్రమును చింపివేయవలెను. బలాత్కారమువలనగాని మోసమువలనగాని పుట్టిన పత్రము స్వహస్తలిఖితమైనను చెల్లదు. ప్రోనోటు వెనుక చెల్లు వేయించుకొను మన పల్లెవాసి ఈ స్మృతిని చదివియుండడు. దాని విధిని మాత్రము పాటించుచునే యున్నాడు.

ఇంత కట్టుదిట్టముగ వ్రాసిన పత్రమైనను, చేవ్రాలు చేయువానికి అర్థము తెలియనిచో ఫలమేమి? దీనికిని పూర్వులు సమాధానము చెప్పిరి. పత్రము దేశాచారమునకు విరుద్ధము కారాదనియు, క్రమమునందుగాని అక్షరములందుగాని లోపముండరాదనియు నారదుడు విధించెను. వ్రాయ నేర్వని ఋణి సాక్షులందరి సమక్షమున తన సమ్మతిని మరియొకనిచే వ్రాయింపవలెననెను. కల్యాణి చాళుక్యుడగు ఆరవ విక్రమాదిత్యుని కాలమున (1076–1126) మితాక్షరను రచించిన విజ్ఞానేశ్వరుడు, లౌకిక పత్రములకు సంస్కృత సాధుశబ్దములే కావలెనను నియమము లేదనియు, ఎవరి దేశభాషలో వారు వ్రాసికొనవచ్చుననియు స్పష్టపరచెను. ఆ మితాక్షరనే 13వ శతాబ్దమున మూలఘటిక కేతన ‘విజ్ఞానేశ్వరీయము’గ తెనిగించెను. తిక్కనకు దశకుమారచరిత్రమును అంకితమిచ్చి, తెలుగునకు వ్యాకరణము కూర్చిన కవి వ్యవహారధర్మమును గూడ తెలుగున చెప్పుట చిన్నపని కాదు.

నేడు మన ఒడంబడికలకు ఆధారము 1872 నాటి భారత ఒప్పందముల చట్టము. నోటిమాటతో కుదిరిన ఒప్పందమును అది సాధారణముగ త్రోసిపుచ్చదు. అర్థము నిశ్చయముగ తేలని ఒప్పందము మాత్రము చెల్లదని దాని 29వ సెక్షను చెప్పుచున్నది. ఒకడు నూరు టన్నుల నూనె అమ్మెదనని ఒప్పుకొని, ఏ నూనెయో చెప్పలేదు. అది చెల్లదని చట్టమే ఉదాహరణమిచ్చినది. అమ్మువాడు కొబ్బరినూనె వ్యాపారి మాత్రమే అయినచో ఆ వ్యాపారమే అర్థమును తేల్చును. ఇక 1932 నాటి భాగస్వామ్య చట్టము ప్రకారము, వేరు ఒప్పందము లేనిచో లాభనష్టములు అందరికి సమానము. పనిచేసినందులకు జీతము లేదు. ఒకరు మరణించినచో సంస్థయే రద్దగును. మూడువంతుల సొమ్ము పెట్టినవాడును, పగలెల్ల దుకాణమున శ్రమించినవాడును తమకు వేరు మాట ఉండెనని ఋజువు చేయలేనిచో ఈ నియమమునకే లోబడవలెను.

నాటి లేఖకుని స్థానమున నేడు న్యాయవాది కలడు. లేఖకుడు ఉభయులు చెప్పినది వ్రాసెను. న్యాయవాది వారు తలపనిదానిని గూడ అడుగవలెను. విడిపోవునప్పుడు సరకు ఎవరిది, బాకీలు ఎవరివి, చనిపోయినవాని బిడ్డలకు ఏమి రావలెను? ఈ ప్రశ్నలు స్నేహితులు ఒకరినొకరు అడుగుటకు సంకోచింతురు. ఆ సంకోచమును తొలగించుటకే మూడవవాడు కావలెను.

అయితే అర్థము కాని ఆంగ్లపు దస్తావేజుపై సంతకము చేయువారు నేటికిని మనలో కలరు. న్యాయవాదిచే వ్రాయించుకొన్నవారు దానిని తెలుగున చెప్పించుకొని, ప్రతి షరతును గ్రహించిన పిదపనే చేవ్రాలు చేయవలెను. అట్లు కోరుటకు జంకనక్కరలేదు. విజ్ఞానేశ్వరుడు తొమ్మిదివందల ఏండ్ల క్రిందటనే అందుకు సమ్మతించియున్నాడు.