కోర్టుకెక్కలేని కొలువు

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



మా ఎదురింటి వదినగారి అమ్మాయి లా చదువుతోంది. మొన్న శ్రావణ శుక్రవారం పేరంటానికి తల్లీకూతుళ్ళిద్దరూ వచ్చారు. మాటల్లో ఆ పిల్ల, "నేను ఆస్తి తగాదాలూ, విడాకుల కేసులూ చూడనత్తయ్యా. ఏదైనా అంతర్జాతీయ సంస్థలో చేరి, అక్కడి ఉద్యోగుల వ్యవహారాలు చూసే లాయర్నవుతాను" అంది. "ఉద్యోగం ఉన్నవాళ్ళకి లాయరెందుకే?" అని మా వదిన కొట్టిపారేసింది. నాకు మాత్రం వేరే సందేహం వచ్చింది. "ఉద్యోగి తరఫునా, యజమాని తరఫునా?" అని అడిగాను. "ముందు యజమాని తరఫునే అనుకోండి" అని నవ్వేసింది.

ఆ నవ్వు నాకు పూర్తిగా రుచించలేదు. ఎందుకో తర్వాత చెబుతాను. ఆ పని ఎలా పుట్టిందో తెలుసుకుందామని నాలుగు పుస్తకాలు తిరగేశాను. అందులో నాకు దొరికిన కథే ఇవాళ మీకు చెప్పబోయేది.

మన ఊళ్ళో మిల్లులోంచి ఓ మనిషిని అన్యాయంగా తీసేశారనుకోండి, లేబర్ కోర్టుకు వెళతాడు. సర్కారు ఉద్యోగి అయితే హైకోర్టు దాకా వెళ్ళొచ్చు. మరి ఐక్యరాజ్యసమితి గుమాస్తాను తీసేస్తే? సమితి ఆఫీసు న్యూయార్కులో ఉన్నా, న్యూయార్కు కోర్టు దాని మీద విచారణ జరపడానికి వీల్లేదు. 1946లో దేశాలన్నీ కలిసి చేసుకున్న ఒడంబడిక ప్రకారం సమితికి అలాంటి రక్షణ ఉంది. అది సబబే. ఏ దేశంలో ఆఫీసుంటే ఆ దేశం జడ్జీలు శాసిస్తామంటే ప్రపంచ సంస్థ నడవదు. కాని ఆ రక్షణ గోడకు లోపల ఉన్న గుమాస్తా మాటేమిటి? అతని మొర వినే కోర్టు భూమ్మీద ఎక్కడా లేదన్నమాట.

ఈ చిక్కు సమితికంటే ముందే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జెనీవాలో వెలసిన నానాజాతి సమితి తన ఉద్యోగుల కోసం 1927లో ఓ ట్రిబ్యునలు పెట్టింది. బాగానే ఉంది. కాని రెండో యుద్ధం రాగానే, 1939 డిసెంబరులో, ఖర్చు తగ్గించుకోవడానికి నోటీసు గడువునూ, పరిహారం చెల్లించే పద్ధతినీ ఉద్యోగులకు నష్టం కలిగేలా మార్చేసింది. ఉద్యోగం పోయినవాళ్ళు ట్రిబ్యునలుకు వెళ్ళారు. యుద్ధం ముగిశాక 1946 ఫిబ్రవరిలో తీర్పు వాళ్ళ పక్షాన వచ్చింది. ఏప్రిల్‌లో జరిగిన ఆఖరి సభలో దేశాల ప్రతినిధులు ఆ సొమ్ము ఇవ్వం పొమ్మన్నారు. అంతటితో నానాజాతి సమితే మూతపడింది. తీర్పు కాగితం చేతిలో ఉంది, ఇచ్చే నాథుడు లేడు.

ఐక్యరాజ్యసమితి 1949లో తన ట్రిబ్యునలు ఏర్పాటు చేసుకున్నప్పుడు ఈ పాత అప్పు సంగతి తెలిసినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఒకావిడ గురించి చెప్పాలి. పేరు సుజాన్ బాస్తీద్. ఫ్రాన్సు దేశస్థురాలు, 1906లో పుట్టింది. తండ్రి జూల్ బాదెవాఁ, హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి అధ్యక్షుడుగా చేసినాయన. ఆమె డాక్టరేటు కోసం ఎంచుకున్న విషయం అంతర్జాతీయ ఉద్యోగులు. ఆ పుస్తకం 1931లో వచ్చింది. అప్పటికి ప్రపంచంలో అలాంటి ఉద్యోగులే కొద్దిమంది! మరుసటి ఏడు, న్యాయశాస్త్ర ఆచార్య పదవికి ఫ్రాన్సులో పెట్టే కఠినమైన పోటీ పరీక్ష నెగ్గింది. అది నెగ్గిన తొలి మహిళల్లో ఆమె ఒకరు. 1950 నుంచి సమితి ట్రిబ్యునలులో సభ్యురాలు, 1953 నాటికి దానికి అధ్యక్షురాలు. ఇంత చదువు చదివి అంత పీఠం మీద కూర్చున్నా, తీర్పుల్లో మాత్రం ఆమె పేరు "మేడమ్ పాల్ బాస్తీద్" అనే అచ్చయింది. పాల్ అంటే ఆమె భర్త. మనవాళ్ళ శుభలేఖలు గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది.

ఇక అసలు కథ. 1952. అమెరికాలో కమ్యూనిస్టుల వేట జోరుగా ఉన్న రోజులు. సెనేటు ఉపసంఘం ఒకటి న్యూయార్కులో కూర్చుని, సమితిలో పనిచేసే అమెరికా పౌరులను పిలిపించి, "నువ్వు కమ్యూనిస్టువా? ఎప్పుడైనా అయ్యావా?" అని ప్రశ్నలు మొదలుపెట్టింది. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని ఎవర్నీ బలవంతపెట్టరాదని వాళ్ళ రాజ్యాంగంలో ఓ సవరణ ఉంది. దాన్ని అడ్డుపెట్టుకుని కొందరు జవాబు చెప్పలేదు. అంతే, పత్రికల్లో గగ్గోలు. అప్పటి ప్రధాన కార్యదర్శి ట్రిగ్వే లీ మీద ఒత్తిడి. తాత్కాలికంగా ఉన్నవాళ్ళను ముందు తీసేశాడు. శాశ్వత నియామకం ఉన్నవాళ్ళను ఏం చెయ్యాలో చెప్పమని అమెరికా, బ్రిటన్, బెల్జియంలకు చెందిన ముగ్గురు న్యాయకోవిదులను అడిగాడు. వాళ్ళ సలహా వచ్చాక డిసెంబరులో వాళ్ళనూ పంపేశాడు.

ఈ మధ్యలో ఒక మనిషి నలిగిపోయాడు. ఏబ్రహామ్ ఫెల్లర్. సమితి న్యాయ విభాగానికి పెద్ద, లీకి ముఖ్య సలహాదారు, స్వయంగా అమెరికనే. మా వదినగారి అమ్మాయి కోరుకుంటున్నది ఇంచుమించు అలాంటి కుర్చీయే. ఒక వైపు తన దేశపు సెనేటర్లు, ఒక వైపు తనకు పని ఇచ్చిన సంస్థ, మరో వైపు తనతో రోజూ కాఫీ తాగే తోటి ఉద్యోగులు. 1952 నవంబరు 10న లీ రాజీనామా ప్రకటించాడు. 13న ఫెల్లర్ తన ఇంటి కిటికీలోంచి దూకి ప్రాణం తీసుకున్నాడు. విచక్షణ లేని నిందల మధ్య న్యాయమైన పద్ధతి కోసం రాత్రింబవళ్ళు పాటుపడ్డాడనీ, ఆ ఒత్తిడే అతన్ని బలి తీసుకుందనీ లీ బహిరంగంగానే అన్నాడు. ఒక మనిషి అలా ఎందుకు చేశాడో పైవాళ్ళం చెప్పలేం. కాని "ముందు యజమాని తరఫునే" అన్న మాట అంత తేలిక కాదని నాకప్పుడు తెలిసింది.

తీసేసిన ఉద్యోగుల్లో 21 మంది కేసులు ట్రిబ్యునలు ముందుకు వచ్చాయి. 1953లో తీర్పులు. 11 మంది గెలిచారు. తన దేశ రాజ్యాంగం ఇచ్చిన హక్కును వాడుకోవడం, అక్కడికక్కడ పంపేసేంత దుష్ప్రవర్తన కాదని ట్రిబ్యునలు చెప్పింది. నలుగురిని తిరిగి తీసుకోమంది, ఏడుగురికి పరిహారం ఇమ్మంది. ఓడినవాళ్ళలో తాత్కాలిక నియామకాలవాళ్ళున్నారు. వాళ్ళ పక్షాన నిబంధనలే బలహీనం. అప్పటికి లీ స్థానంలో డాగ్ హామర్‌షీల్డ్ వచ్చాడు. ఆ నలుగురినీ తీసుకోలేనన్నాడు. సరే, వాళ్ళకూ సొమ్మే ఇమ్మన్నారు. అందరికీ కలిపి 1,79,420 డాలర్లు.

ఆ డబ్బు మంజూరు చెయ్యాల్సింది దేశాలన్నీ కూర్చునే జనరల్ అసెంబ్లీ. అక్కడ అమెరికా అడ్డం తిరిగింది. ట్రిబ్యునలును పెట్టింది మనమే, దాని మాట మనమెందుకు వినాలి అన్న వాదన. 1946లో జెనీవాలో జరిగిందే మళ్ళీ జరిగేట్టుంది. చివరికి సంగతి తేల్చమని హేగ్ న్యాయస్థానాన్ని అడిగారు. 1954 జూలై 13న హేగ్ జవాబిచ్చింది. తొమ్మిదిమంది ఒక వైపు, ముగ్గురు ఒక వైపు. ఆ ట్రిబ్యునలు సలహా సంఘం కాదు, నిజమైన కోర్టు. పెట్టినవాళ్ళయినా సరే దాని తీర్పుకు బద్ధులే. న్యాయం, స్వేచ్ఛ అని లోకానికి చెప్పే సంస్థ తన ఉద్యోగులకు న్యాయం దొరికే దారి మూసేయడం పొసగదు. ఇదీ దాని సారం.

డబ్బు ఇచ్చారు. ఎక్కడి నుంచో తెలుసునా? సమితి ఉద్యోగుల జీతాల్లో ఆదాయపన్నులాగా కొంత కోసుకుంటారు. ఆ సొమ్ములోంచి ప్రత్యేక నిధి పెట్టి చెల్లించారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు! అయినా బాకీ తీరింది, అది ముఖ్యం. ఓడిన పెద్దలు ఊరుకోలేదనుకోండి. ట్రిబ్యునలు తీర్పుల మీద మళ్ళీ పరిశీలన కోరే ఏర్పాటొకటి 1955లో పెట్టించారు. అది 1995 దాకా నడిచింది.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. పెళ్ళయిన కొత్తలో నేనొక బడిలో గుమాస్తాగా చేశాను. ఏడాది కాంట్రాక్టు. రెండుసార్లు పొడిగించారు. మూడోసారి రెండు లైన్ల కాగితం ఇచ్చారు: గడువు పూర్తయింది, ఇక అవసరం లేదు. దానికి నెల ముందు, జీతం ఒకటిస్తూ రిజిస్టరులో మరొకటి వేసి సంతకం చెయ్యమంటే నేను చెయ్యలేదు. మా వీధిలోని ప్లీడరుగారికి కాగితం చూపించాను. "గడువు తీరిందిగా అమ్మా, వాళ్ళు కారణం చెప్పనక్కర్లేదు" అన్నారు. ఆయన తప్పేమీ లేదు. మెట్రిక్ చదువుతో నేను ఇంకేం అడగను?

అందుకే యునెస్కో కేసులు రెండుసార్లు చదువుకున్నాను. అదే కమ్యూనిస్టుల వేటలో, పారిస్‌లోని యునెస్కోలో పనిచేసే అమెరికన్లకు వాళ్ళ ప్రభుత్వం ప్రశ్నల కాగితాలు పంపింది. కొందరు జవాబివ్వలేదు. యునెస్కో డైరెక్టర్ జనరల్ వాళ్ళను తియ్యలేదు. కాంట్రాక్టు గడువు తీరగానే పొడిగించలేదు, అంతే. "గడువు తీరిందిగా" అన్న మాటే! జెనీవాలో కార్మిక సంస్థ ఆధ్వర్యంలో ఉన్న ట్రిబ్యునలు ఆ మాటతో ఆగలేదు. గడువు వెనక ఉన్న అసలు కారణం చూసింది. పొడిగించాలో వద్దో పై అధికారి ఇష్టమే అయినా, ఆ ఇష్టాన్ని ఏదో ఒక ప్రభుత్వం కోసం వాడటానికి వీల్లేదంది. 1955లో నలుగురికి పరిహారం ఇమ్మంది. అలా విచారించే అధికారం ట్రిబ్యునలుకు ఉందని 1956 అక్టోబరులో హేగ్ న్యాయస్థానం కూడా ఒప్పుకుంది. ఆ నలుగురిలో ఇద్దరు స్త్రీలు. వాళ్ళ ముఖాలు ఎలా ఉంటాయో నాకు తెలియదు గాని, చాలాసేపు వాళ్ళ గురించే ఆలోచిస్తూ ఉండిపోయాను.

మనవాళ్ళెవరూ లేరా అంటారేమో, ఉన్నారు. మద్రాసులో కార్మికుల తరఫున వాదించి, 1949లో కార్మిక చట్టాల పత్రిక పెట్టిన లాయరు ఆర్. వెంకట్రామన్ 1955లో సమితి ట్రిబ్యునలులో సభ్యుడయ్యారు. 1968 నుంచి 1979 దాకా అధ్యక్షుడు. తర్వాత మన రాష్ట్రపతి అయినాయనే. పదమూడేళ్ళపాటు ఆయనా, మేడమ్ బాస్తీదూ ఒకే ట్రిబ్యునలులో సభ్యులు. ఆమె 1985లో ట్యునీషియా తరఫున తాత్కాలిక జడ్జిగా హేగ్‌లో కూర్చుంది. ఆ న్యాయస్థానంలో జడ్జిగా కూర్చున్న మొదటి స్త్రీ ఆమే.

ఆ పాత ట్రిబ్యునలు 2009 ఆఖరుకు మూతపడింది. ఆ ఏడు జూలై 1 నుంచే కొత్త పద్ధతి వచ్చింది. న్యూయార్కు, జెనీవా, నైరోబీల్లో కూర్చునే కోర్టొకటి, దాని మీద అప్పీలు కోర్టొకటి. అంతకు ముందు ఉద్యోగి పక్షాన వాదించేది తోటి ఉద్యోగులే, తీరిక వేళల్లో, ఉచితంగా. ఇప్పుడు వాళ్ళ కోసం జీతమిచ్చే లాయర్ల ఆఫీసుంది. అంటే ఒకే సంస్థలో, ఒకే చట్టం చదివినవాళ్ళు, అటూ ఇటూ ఉంటారు. యజమాని వైపు పెద్ద లాయరు చేసే పనిలో సగం కోర్టులో కాదట. ఫలానావాళ్ళను తీసేద్దామని పై అధికారి కాగితం పంపితే, కారణం రాశారా, ఆ మనిషి మాట విన్నారా, నిబంధన ఏమంటోంది అని చూసి, తప్పుంటే ఆ కాగితం బయటికి పోకముందే ఆపడం.

ఇదంతా చెబితే మా వదినగారి అమ్మాయి శ్రద్ధగా విని, "నోటీసు అందిన 60 రోజుల్లో మళ్ళీ పరిశీలించమని అడగాలి అత్తయ్యా, లేకపోతే కేసు చెల్లదు. మీ కాగితం ఏ తేదీది?" అంది. పెట్టె తీసి చూశాను. ఇరవై రెండేళ్ళయింది. ఆ పిల్ల దాన్ని రెండుసార్లు చదివి, "ఇందులో కారణమే లేదు" అని గొణుక్కుంది. అప్పటిదాకా పక్కన వత్తులు చేసుకుంటున్న మా వదిన తలెత్తి, "ఇంతకీ ఆ ఉద్యోగానికి జీతమెంతటే?" అంది.