రెండు కాగితాలు, నాలుగు గళ్లు: ఏడీహెచ్‌డీ ప్రశ్నాపత్రం ఎక్కడ పుట్టింది?

ఈ రోజు ఒక కాగితం కథ చెప్తాను.

మా మేనల్లుడికి ఆరేళ్లు. క్లాసులో కుదురుగా కూర్చోవట్లేదని స్కూల్ వాళ్లు అంటే, అక్క డాక్టర్‌కి చూపించింది. స్కానింగ్ రాస్తారేమో అనుకుంది. డాక్టర్ రెండు కాగితాలు ఇచ్చి, ఒకటి మీరు నింపండి, ఇంకోటి టీచర్‌తో నింపించండి అన్నారట. ఆ రాత్రి అక్క ఫోన్ చేసి, "ఏరా, ఈ టిక్కులతోనా మా వాడికి ఏముందో తేల్చేది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. వెతికితే ఈ చరిత్ర దొరికింది.

1937లో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టర్, తన ఆసుపత్రిలోని పిల్లలకి బెంజెడ్రిన్ అనే మందు ఇచ్చి చూశారు. చాలామంది చదువు మీద కూర్చోగలిగారు. కానీ ఒక చిక్కు ఉంది. "మెరుగుపడ్డాడు" అంటున్నాం సరే, ఎంత మెరుగు? కొలిచేది ఎలా? జ్వరానికి థర్మామీటర్ ఉంది, అల్లరికి ఏముంది?

1960ల్లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో కీత్ కానర్స్ అనే సైకాలజిస్ట్‌కి ఇదే ప్రశ్న ఎదురైంది. డాక్టర్ గదిలో పిల్లాడు కాసేపు బుద్ధిగానే కూర్చుంటాడు. రోజంతా చూసేది టీచర్. అందుకే ఆయన టీచర్లనే అడిగారు. 1969లో 39 అంశాల ప్రశ్నాపత్రం ప్రచురించారు. కాళ్లూ చేతులూ ఊరికే ఆడిస్తాడా, ఏవేవో శబ్దాలు చేస్తాడా, పగటి కలలు కంటాడా... ఇలాంటివి. ప్రతిదానికీ నాలుగు గళ్లు: అస్సలు లేదు, కొంచెం, బాగానే ఉంది, చాలా ఎక్కువ. మందుకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నింపితే తేడా తెలిసిపోతుంది. మరుసటి ఏడాది తల్లిదండ్రుల పత్రం కూడా వచ్చింది.

ఇక్కడ ఒకటి గమనించండి. ఆ పత్రం పుట్టింది మందుల పరిశోధన కోసం. ఆయన వ్యాసం పేరులోనే ఆ మాట ఉంది. తర్వాత్తర్వాత అదే రకం పత్రం, అసలు సమస్య ఉందా లేదా అని చూసే మొదటి మెట్టు అయింది.

1987లో అమెరికన్ సైకియాట్రిస్టుల పుస్తకంలో ఏడీహెచ్‌డీ అనే పేరు స్థిరపడింది. 1994 కూర్పులో 18 లక్షణాలు ఇచ్చి, ఇబ్బంది కనీసం రెండు చోట్ల కనిపించాలి అన్నారు. మా అక్కకి రెండు కాగితాలు ఎందుకిచ్చారో అప్పుడు అర్థమైంది నాకు.

మరి ఆ రెండూ ఒకేలా ఉంటాయా? చాలాసార్లు ఉండవు. ఎవరూ అబద్ధం రాయట్లేదు. అమ్మ చూసేది ఇంట్లో ఒక్కడిని. టీచర్ చూసేది పక్క బెంచీ పిల్లలతో పోల్చి. ఆ పోలిక ఎంత పని చేస్తుందో కెనడాలో తేలింది. బ్రిటిష్ కొలంబియాలో 9 లక్షలకు పైగా పిల్లల రికార్డులు చూసి 2012లో ఒక అధ్యయనం వేశారు. అక్కడ స్కూల్ లెక్కకి డిసెంబర్ 31 గీత. అంటే జనవరిలో పుట్టినవాడు క్లాసులో పెద్ద, డిసెంబర్‌లో పుట్టినవాడు దాదాపు ఏడాది చిన్న. జనవరి అబ్బాయిలకంటే డిసెంబర్ అబ్బాయిల్లో ఏడీహెచ్‌డీ నిర్ధారణ 30 శాతం ఎక్కువ. అమ్మాయిల్లో 70 శాతం! అంటే కొందరి విషయంలో చిన్న వయసే జబ్బులా కనిపించి ఉండొచ్చు.

కానర్స్ కూడా చివరి రోజుల్లో ఇదే బాధపడ్డారు. అమెరికాలో మందు వాడే పిల్లలు 1990లో 6 లక్షలు ఉంటే, 2013 నాటికి 35 లక్షలు అయ్యారు. ఇది దేశానికే ప్రమాదం అని ఆయన బహిరంగంగా హెచ్చరించారు. జబ్బు లేదని కాదు ఆయన మాట. నిజంగా ఉన్న పిల్లలకి వైద్యం అందాలనే జీవితమంతా పనిచేశారు. 2017లో కన్నుమూశారు.

అక్కకి ఇదంతా చెప్పాను. "భయపడి తక్కువ వేయకు, కోపంతో ఎక్కువ వేయకు. చూసిందే వెయ్యి. వాడు క్లాసులో అందరికంటే చిన్నోడని డాక్టర్‌కి చెప్పు. చూపు, వినికిడి, నిద్ర సంగతి కూడా అడుగు" అన్నాను.

రెండు కాగితాలూ కలవలేదు. డాక్టర్ వాటిని పక్కపక్కన పెట్టుకుని, ఏ పీరియడ్‌లో, ఎవరి పక్కన కూర్చున్నప్పుడు అని చాలాసేపు అడిగారట. ఇంకా ఏమీ తేల్చలేదు. "టిక్కులతో తేల్చరురా, టిక్కుల దగ్గర మొదలుపెడతారు" అంది అక్క. ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క మాటే.

మీ ఇంట్లో ఎవరైనా ఈ కాగితం నింపారా? కామెంట్‌లో రాయండి. పిల్లల పేర్లు మాత్రం వద్దు. మళ్లీ కలుద్దాం.