ఆర్‌సీ హెలికాప్టర్ ఎగరేయడానికి వెళ్తున్నారా? బ్యాగులో ఇవి ఉండాల్సిందే

రిమోట్‌తో ఎగిరే మోడల్ హెలికాప్టర్ చూడ్డానికి బొమ్మలా ఉంటుంది. కానీ ఇది పిల్లల ఆటవస్తువు కాదు. 700 సైజు హెలికాప్టర్‌లో ఒక్కో రెక్క దాదాపు 700 మిల్లీమీటర్ల పొడవుంటుంది. నిమిషానికి 2 వేల చుట్లు తిరిగితే రెక్క కొస వేగం గంటకు 500 కిలోమీటర్లు దాటుతుంది. 2013 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఓ 19 ఏళ్ల యువకుడు తన సొంత హెలికాప్టర్ రెక్క తగిలి చనిపోయాడు.

అందుకే మైదానానికి తీసుకెళ్లే కిట్‌ను తేలిగ్గా తీసుకోవద్దు. స్క్రూ వదులైంది, సరైన కీ ఇంట్లో మర్చిపోయాం. ‘పర్వాలేదులే, ఈ ఒక్కసారికి’ అనుకుంటాం. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

పనిముట్లు

1.5, 2, 2.5, 3 మిల్లీమీటర్ల అలెన్ కీలు తప్పనిసరి. బాల్ లింకులు ఊడదీసే ప్లయర్స్, రెక్కల కోణం కొలిచే పిచ్ గేజ్, చిన్న కత్తెర, జిప్ టైలు, టేపు పెట్టుకోండి. నీలం రంగు థ్రెడ్‌లాకర్ సీసా మర్చిపోవద్దు. లోహంలోకి బిగించే లోహపు స్క్రూలకు ఒక చుక్క వేస్తే అదురుకు వదులవ్వవు. ప్లాస్టిక్‌కు మాత్రం వాడొద్దు, పగుళ్లు రావచ్చు.

విడిభాగాలు

కింద పడితే ముందుగా దెబ్బతినేవి ప్రధాన రెక్కలు, తోక రెక్కలు, మెయిన్ షాఫ్ట్, ఫెదరింగ్ షాఫ్ట్, మెయిన్ గేర్, బాల్ లింకులు. వీటిని ఒక్కో సెట్ ఉంచుకోండి. షాఫ్ట్ వంగిందో లేదో కంటికి తెలియదు. అద్దం ముక్క మీద దొర్లిస్తే తెలిసిపోతుంది. చిన్న పగులు ఉన్న రెక్కనైనా అతికించి వాడొద్దు. మారిస్తే రెండూ కలిపే మార్చాలి.

బ్యాటరీలు

లిపో బ్యాటరీలో ఒక్కో సెల్ ఫుల్ ఛార్జింగ్‌లో 4.2 వోల్టులు చూపిస్తుంది. అంటే ఆరు సెల్స్ ప్యాక్‌కు 25.2 వోల్టులు ఉండాలి. వోల్టేజ్ చెకర్ జేబులోనే పెట్టుకోండి. వాడేసిన ప్యాక్‌ను పొరపాటున మళ్లీ తగిలిస్తే గాల్లోనే పవర్ పోతుంది. దీనికో సులువైన పద్ధతి ఉంది. ఫుల్ ప్యాక్‌కు రబ్బరు బ్యాండు వేయండి, ఎగరేశాక తీసేయండి.

ప్యాక్‌లను మంటను తట్టుకునే సంచిలో పెట్టి తీసుకెళ్లండి. మన ఎండల్లో మూసి ఉన్న కారులో అస్సలు వదలొద్దు. ఉబ్బిన ప్యాక్‌ను పక్కన పెట్టేయాలి. ఒక డబ్బాలో పొడి ఇసుక దగ్గర ఉంచుకోండి. ఇంటికొచ్చాక మిగిలిన ప్యాక్‌లను సెల్‌కు 3.8 వోల్టుల దగ్గరకు తెచ్చి దాచాలి.

ప్రథమ చికిత్స

శుభ్రమైన గాజుగుడ్డ, వెడల్పాటి బ్యాండేజీ, యాంటీసెప్టిక్, మంచినీళ్లు, కళ్లద్దాలు ఉండాలి. రెక్క తగిలి రక్తం కారుతుంటే గుడ్డతో గట్టిగా అదిమిపట్టి 108కి ఫోన్ చేయాలి. దీనికి పక్కన ఇంకో మనిషి కావాలి. అందుకే ఒంటరిగా వెళ్లకండి.

బయల్దేరే ముందు

ట్రాన్స్‌మిటర్ ఛార్జింగ్ చూసుకోండి. వెళ్లే చోటు రెడ్ జోన్‌లో ఉందేమో డిజిటల్ స్కై మ్యాప్‌లో చూడండి. మైదానంలో ముందు ట్రాన్స్‌మిటర్ ఆన్ చేసి, థ్రాటిల్ హోల్డ్ వేసి, ఆ తర్వాతే హెలికాప్టర్‌కు బ్యాటరీ తగిలించాలి. తీసేటప్పుడు ముందు హెలికాప్టర్ బ్యాటరీ, చివర్లో ట్రాన్స్‌మిటర్.

ఈ జాబితాను రాసి పెట్టె మూతకు లోపలివైపు అంటించండి. తిరిగొచ్చిన రోజే అయిపోయినవి కొని పెట్టేయండి. కావాల్సింది ఏదైనా లేదని మైదానంలో తెలిస్తే ఆ రోజుకు ఎగరేయడం మానేయండి. అందులో నామోషీ ఏమీ లేదు.