రేగుచెట్ల కంచె – ఉప్పు కథ

ఉప్పు లేనిదే ఉగాదిపచ్చడికి ఆరు రుచులు కుదరవు. ఆ చిటికెడు ఉప్పు కోసం ఒకప్పుడు మన దేశానికి అడ్డంగా ముళ్లకంచె పెంచిన సంగతి మనలో చాలామంది వినలేదు. రైల్వే గుమాస్తాలమైన మాకు సరుకుల లెక్కలే గాని పాండిత్యం లేదు. అయినా తెలిసినంతవరకు సోదరసోదరీమణులకు మనవి చేసుకొంటున్నాము.

బెంగాలు రాజధానిలో తెల్లదొరలు ఉప్పుపై హెచ్చు పన్ను వేశారు. రాజపుటానా వంటి సంస్థానాల చవక ఉప్పు లోనికి రాకుండా సుంకపు హద్దు ఏర్పరచారు. 1869 నాటికి అది సింధునది మొదలు మహానది దాకా 2,300 మైళ్లు సాగింది. కాపలావారు సుమారు 12,000 మంది. ఆ హద్దులో చాలా దూరం కంచె వేశారు. మొదట ఎండుముళ్లు పేర్చారు. వాటిని చెదలు తినేవి, నిప్పు కాల్చేది. అందుచేత పచ్చని చెట్లనే నాటారు. రేగు, వాక్కాయ, తుమ్మ, నాగజెముడు! మన ఊళ్లలో చేలగట్ల మీద పిల్లలు పళ్లు కోసుకొని తినే చెట్లే అక్కడ పేదవాని ఉప్పుకు కాపలా నిలిచాయి. నేల అనుకూలించినచోట కంచె 10 నుండి 14 అడుగుల ఎత్తు పెరిగింది. 1867 నుండి 1870 వరకు ఈ శాఖకు కమీషనరు ఏ. ఓ. హ్యూము. 1885లో కాంగ్రెసు స్థాపనకు పూనుకొన్న హ్యూము ఆయనే.

1870లో సాంబారు ఉప్పుసరస్సును ప్రభుత్వం కౌలుకు తీసుకొన్నది. ఉప్పు పుట్టినచోటనే పన్ను వసూలు చేయవచ్చునని తేలింది. 1879 ఏప్రిల్ 1న సుంకపు హద్దును చాలామేరకు ఎత్తివేశారు.

మేలే జరిగినదని సంతోషిద్దామా? అక్కడి పన్నును, ఇక్కడి పన్నును దగ్గరకు తేవడానికి 1878లో బెంగాలులో తగ్గించి, మద్రాసు, బొంబాయి రాజధానులలో పెంచారు. 82 పౌనుల మణుగుకు 1 రూపాయి 13 అణాలున్నది 2 రూపాయల 8 అణాలైనది. 1876–78 కరువులో కర్నూలు, కడప, బళ్లారి సీమలు మాడిపోయిన రోజులవి. ఉత్తరాదిన కంచె పోయినందుకు మనవారు గంజిలోని ఉప్పుతో వెల చెల్లించారు.

1998లో రాయ్ మాక్స్‌హామ్ అనే ఆంగ్లేయుడు వెదకి వెదకి ఎటావా జిల్లాలో ఆ కంచె గురుతును కనుగొన్నాడు. తక్కినదంతా పొలాలలోను, బాటలలోను కలిసిపోయింది.

భోగినాడు పిల్లల తలపై రేగుపళ్లు పోసేటప్పుడు ఈ కథ చెప్పండి. చెట్టుది తప్పు కాదు, నాటించిన చేతిది. పరాయిసీమలో బ్రతుకుతున్న మన మధ్య ఏ కంచెలూ మొలవకుండుగాక! అందరికీ ఉగాది శుభాకాంక్షలు.