దామలచెరువు కనుమలో పడిన బీట

ఎనిమిదో తరగతిలో సోషల్ మాస్టారు ప్లాసీ యుద్ధం చెబుతుంటే, "మన పక్కన ఏ యుద్ధమూ జరగలేదా సార్?" అని అడిగాను. "మన పులికాట్ ఒడ్డున ఫిరంగుల కంటే తక్కెడలే ఎక్కువరా" అని నవ్వారు.

ఆయన మాట నిజమే. పులికాట్‌లో డచ్చివాళ్లు 1613లో గెల్డ్రియా కోట కట్టి బట్టల వ్యాపారం చేశారు. సరస్సుకు ఉత్తరాన దుగరాజపట్నంలో 1626లో ఇంగ్లీషువాళ్లు దిగారు. అక్కడ కుదురుకోలేక, 1639లో ఫ్రాన్సిస్ డే దామెర్ల వెంకటాద్రి నాయకుడి అనుమతితో మద్రాసులో చోటు సంపాదించాడు. తర్వాత వందేళ్ల పాటు కంపెనీ ప్రధానంగా వ్యాపారిగానే ఉంది. మరి ఆ వ్యాపారి మనకు దొర ఎలా అయ్యాడు?

వంతెన కూలితే మా ఇంజనీర్లం ముందు వెతికేది మొదటి బీట ఎక్కడ పడిందని. నాకు అది మన పాకాల దగ్గరి దామలచెరువులో కనబడుతుంది. ఇప్పుడు మామిడికాయల మండీకి పేరుపడిన ఊరు అది. 1740 మే 20న ఆ కనుమలో ఆర్కాటు నవాబు దోస్త్ అలీ, రఘోజీ భోంస్లే నడిపిన మరాఠా సేనను అడ్డుకోబోయాడు. నవాబు కనుమకు ఎదురుగా కాపు కాశాడు; మరాఠాలు వేరే దారిన చుట్టి వెనక నుంచి పడ్డారు. నవాబూ, ఆయన కొడుకు హసన్ అలీ అక్కడే చనిపోయారు.

ఈ యుద్ధంలో ఇంగ్లీషువాళ్లకు పాత్రే లేదు. అయినా ఎక్కువ లాభపడింది వాళ్లే. నవాబు కుటుంబం ప్రాణభయంతో పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్ల గోడల చాటుకు చేరింది. కొత్త నవాబు సఫ్దర్ అలీ 1742లో హత్యకు గురయ్యాడు. నిజాం అన్వరుద్దీన్‌ను నవాబుగా పెడితే, దోస్త్ అలీ అల్లుడు చందా సాహెబు ఫ్రెంచి సేనలను తెచ్చుకుని 1749లో అంబూరులో ఆయనను ఓడించాడు. అన్వరుద్దీన్ ఆ పోరులోనే చనిపోయాడు. ఆయన కొడుకు మహమ్మద్ అలీ ఇంగ్లీషువాళ్లను ఆశ్రయించాడు. 1760 జనవరి 22న వందవాసిలో ఐర్ కూట్ ఫ్రెంచి సేనాని లాలీని ఓడించడంతో ఫ్రెంచివాళ్ల ఆశ అడుగంటింది.

గెలిచిన నవాబుకు మిగిలింది అప్పు. అద్దె సైన్యం ఖర్చుకు పరగణాల రాబడి కంపెనీ చేతికి పోయింది. తిరుమల వేంకటేశ్వరుడి ఆలయ రాబడిని సైతం తాకట్టు పెట్టాడు. చివరకు 1801 జూలై 31 ఒప్పందంతో నెల్లూరు, చిత్తూరు సీమలతో సహా కర్ణాటక రాజ్యమంతా కంపెనీ పరమైంది. అప్పుడు మద్రాసు గవర్నరు రాబర్ట్ క్లైవు కొడుకే. తండ్రి ఆర్కాటు కోట పట్టిన 50 ఏళ్లకు, కొడుకు ఆర్కాటు రాజ్యాన్నే రాయించుకున్నాడు.

యుద్ధంలో ఓడితే రాజ్యం ఒక్కరోజులో పోదని నాకు ఈ కథ నేర్పింది. ఇంటి తగవుకు బయటివాడి తుపాకీ అద్దెకు తెచ్చుకున్నాక, ఆ అద్దె కట్టలేకనే రాజ్యం పోయింది. కట్టింది మాత్రం నవాబు కాదు, శిస్తు కట్టిన మన రైతులు.

ఈ స్వర్ణోత్సవ వేళ గురువులకు నాదొక మనవి. ఈసారి ప్లాసీ పాఠం చెప్పేటప్పుడు పిల్లలను ఒకరోజు దామలచెరువుకు తీసుకెళ్లండి. ఆ రోజు నేనడిగిన ప్రశ్నకు జవాబు మనకు బస్సు దూరంలోనే ఉంది.